ఆర్సెనిక్ గారి గుమ్మం దాకా

గోదావరి జిల్లాల్లో విషానికి కూడా గారు తగిలిస్తారని అక్కడికి వెళ్ళాకే తెలిసింది నాకు. మనిషికి గారు, మనిషి వెంట వచ్చిన మనిషికి గారు, ఫోనులో రాంగ్ నంబరుకు గారు, అన్నిటి చివరా ఒక అండి. ఆ నాలుగు రోజులూ నన్ను "మేడమ్ గారండి" అన్నారు. ఒక్క పిలుపులో మూడు మర్యాదలు. మాది అనంతపురం జిల్లా. మా వైపు ఎంత పెద్దమనిషినైనా "ఏమప్పా, బాగుండావా" అంటే సరిపోతుంది, ఆయనా అంతకు మించి ఆశించడు.

నేను వెళ్ళింది తీర్థానికి కాదు, కొబ్బరి చెట్ల కింద ఫొటోలు దిగడానికి అంతకన్నా కాదు. ఒక తప్పు చేశాను, అది సరిదిద్దడానికి వెళ్ళాను.

ఉత్తరాదిలో ఒక యాక్సిలరేటర్ ప్రయోగశాలలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాను. మా పని వినడానికి గొప్పగా ఉంటుంది, చెయ్యడానికి విసుగు. ప్రోటాన్లను మహా వేగంతో తోలి ఒక పదార్థం మీద కొడతాం. ఆ ఢీకి అందులోని పరమాణువులు ఎక్స్ కిరణాలు వదులుతాయి. ఇనుము వదిలే కిరణం శక్తి వేరు, జింకు వదిలేదాని శక్తి వేరు. ఆ శక్తిని కొలిచేదాన్నే డిటెక్టరు అంటాం. కొలత వస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. కొలత సరిగ్గా రాకపోతే ఏమవుతుందో ఈ యాత్రలో తెలిసింది.

రెండేళ్ళ క్రితం భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు, గ్రేస్ అనే అమ్మాయి, తన పరిశోధన కోసం మండపేట చుట్టుపక్కల పండిన బియ్యం నమూనాలు మాకు పంపింది. అందులో ఒకటి సత్యవతి అనే కౌలు రైతు పండించినది. మా పాత సిలికాన్ డిటెక్టరు ముందు పెడితే ఆర్సెనిక్ ఉండాల్సిన చోట ఒక శిఖరం లేచింది. ఆర్సెనిక్ అని రాసి సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయాను. ఆ సంతకం చూసి అక్కడి పంచాయతీ వాళ్ళు ఆవిడ గుమ్మం ముందున్న బోరింగు హేండిల్ పీకేశారు. నేను పరీక్షించింది బియ్యాన్ని. వాళ్ళు శిక్షించింది చేతి పంపును. మధ్యలో నీళ్ళు ఒకసారి పరీక్ష చేయిద్దామని ఒక్క బుర్రకూ తోచలేదు.

ఈ ఏడాది మాకు సూపర్ కండక్టింగ్ డిటెక్టరు వచ్చింది. పాతదాని కంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా చూస్తుంది. దాని గొప్ప చూపించుకుందామని బీరువాలో మిగిలిన పాత నమూనాలన్నీ మళ్ళీ పెట్టి కొట్టాను. సత్యవతి బియ్యంలో ఆర్సెనిక్ చోటు ఖాళీగా ఉంది. ఆ పక్కనే, వెయ్యిలో ఒక వంతు తేడా కూడా లేనంత దగ్గర్లో, సీసం ఉంది. పాత డిటెక్టరు ఆ రెంటినీ విడదీయలేదు. నిజానికి సీసమైతే కొంచెం అవతల ఇంకో శిఖరం కూడా లేస్తుంది. అది ఆ రోజు చిన్నగా కనిపించింది కూడా. ఏదో చెత్తలే అని వదిలేశాను. డిటెక్టరును తిట్టుకుందామంటే ఆ వీలు కూడా లేదు.

గ్రేస్‌కు రాశాను. ఆ అమ్మాయి వెంటనే బోరింగు నీళ్ళు పరీక్ష చేయించింది. ఆర్సెనిక్ లేదు, సీసమూ లేదు. మరి బియ్యంలోకి సీసం ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. "కాగితం పోస్టులో వస్తే ఇక్కడెవరూ నమ్మరు మేడమ్. మీరు రండి" అంది. వాళ్ళ కాలేజీలో ఒక ఉపన్యాసం కూడా ఏర్పాటు చేసింది. కొత్త నివేదిక సంచిలో పెట్టుకుని ఫిబ్రవరి చివర్లో రైలెక్కాను.

తుని

తునిలో మా బోగీలోకి ముందు ఒక తమలపాకుల గంప ఎక్కింది, దాని వెనక ఒక పెద్దమనిషి ఎక్కాడు. తడి గోనె చుట్టిన ఆ గంపను నా అనుమతి చాలా మర్యాదగా అడిగి, నేను జవాబు చెప్పేలోపే నా సంచి మీద పెట్టాడు. అక్కడి మర్యాద పద్ధతి ఇదే. అడగడం అయిపోతుంది, పని కూడా అయిపోతుంది.

"ఏం చేస్తుంటారండి మేడమ్ గారు?"

"సూపర్ కండక్టింగ్ డిటెక్టర్ల మీద పని."

"కండక్టరా అండి! మా బామ్మర్దీ కండక్టరేనండి. మీది సూపరంటే, సూపర్ లగ్జరీయా అండి?"

కాదు, బస్సు కాదు, కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే వాటిలో కరెంటుకు అడ్డే ఉండదు, దాన్ని సూపర్ కండక్టరు అంటారని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే ఏసీ బస్సండి" అన్నాడు. ఇక నోరు మూసుకున్నాను.

సామర్లకోట దాటాక చూసుకుంటే సంచి అడుగు దాకా తడిసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టాల్సిన నివేదికను దర్జాగా కాగితం ఫైలులో పెట్టుకొచ్చిన తెలివి నాది. మొదటి పేజీ మీద అరచేయంత ఆకుపచ్చ మరక. ఆయన నొచ్చుకుని, ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని కిటికీ గాలికి పట్టుకుని, రాజమండ్రి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. దిగేటప్పుడు ఒక కట్ట తమలపాకులు చేతిలో పెట్టాడు. "పచ్చబడితే శుభమేనండి" అన్నాడు. నాకు తాంబూలం అలవాటు లేదు. ఆ కట్టను భీమవరం దాకా మోసి లాడ్జి గదిలో వదిలేశాను.

రాజమండ్రి

స్టేషను దగ్గర టిఫిను హోటల్లో పెసరట్టు ఉప్మా అడిగాను. అట్టు బాగుంది, అబద్ధమెందుకు. కానీ అల్లం చట్నీలో అల్లం కంటే బెల్లం ఎక్కువ. సాంబారూ తీపే. కారం ఉందా అని అడిగితే, వడ్డించే ఆయన జాలిగా చూసి కారప్పొడి తెచ్చాడు. అదీ పెద్దగా మండలేదు. మా అనంతపురంలో ఆ కారప్పొడిని పసిపిల్లలకు పెడతాం. లేవబోతే ఆయన లేవనివ్వలేదు. "అప్పుడే ఏంటండి, ఇంకోటి వేయించుకోండి, బాగా కాలుస్తాడు" అని నా భుజం దాకా చెయ్యి తెచ్చాడు. రెండట్లకూ కాఫీకీ కలిపి నూట అరవై అయింది. మర్యాదకు విడిగా ఏమీ వెయ్యలేదు.

గోదావరిని చూశాను. చూసి పులకించామని రాయడం ఆనవాయితీ. నాకు కోపం వచ్చింది. మా ఊళ్ళో మా అమ్మ బావి అడుగున ఊరే నీళ్ళ కోసం చేద వేసి గంటసేపు నిలబడేది. ఇక్కడ ఫిబ్రవరి నెలాఖరులో కూడా, ఇసుక మేటలు తేలినా సరే, అవతలి ఒడ్డు కనిపించీ కనిపించనంత నీరు. రేవులో ఒకాయన స్కూటరు కడుగుతున్నాడు. బక్కెట్టు మీద బక్కెట్టు, ఎవరో తరుముతున్నట్టు. ఇంత నీళ్ళున్న చోట ఒక చేతి పంపు ఆగిపోతే ఎవరికేం నష్టంలే అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. కానీ అనుకున్నాను, కాబట్టి రాస్తున్నాను.

భీమవరం

కాలేజీ గేటు మీద నా ఫొటో ఆరడుగుల ఎత్తున ఉంది. కింద "సూపర్ కండక్టర్ డాక్టర్ శ్రీమతి గారికి సుస్వాగతం" అని ఉంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఫ్లెక్సీ వాళ్ళే చేసేశారు.

సభ గంటా నలభై నిమిషాలు జరిగింది. అందులో నేను మాట్లాడింది పన్నెండు నిమిషాలు. మిగతాదంతా జ్యోతి వెలిగించడం, శాలువా, పూలగుత్తి, మెమెంటో, ఇంకో శాలువా. వక్తలు ఏడుగురు. ఏడుగురూ "వారి గురించి నేను చెప్పాల్సిన పని లేదు" అని మొదలుపెట్టి చెప్పారు. ఒకాయన నా చేత రాకెట్లు కూడా తయారు చేయించాడు. రెండు శాలువాల కింద చెమటతో నానుతూ, ఈ పరమాణువుల ఢీ సంగతి ఈ గదిలో ఎవరికైనా పనికొస్తుందా అని పిల్లల మొహాలు చూశాను. ప్రశ్నలు అడగమంటే ఒకే ఒక ప్రశ్న వచ్చింది. దీని మీద చదివితే ప్లేస్‌మెంటు వస్తుందా అని.

ముఖ్య అతిథి ఐసు ఫ్యాక్టరీ యజమాని. రొయ్యల లోడ్లకు ఐసు సరఫరా చేస్తాడు, కాలేజీకి విరాళాలు ఇస్తాడు. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర వడ్డించారు. పనసకాయను పొట్టు పొట్టుగా కొట్టి ఆవ పెట్టి వండుతారని అప్పుడే తెలిసింది. ఇంత ఓపిక మా వైపు ఎవరికీ ఉండదు.

"ఎంత చల్లగా ఉండాలండి మీ మిషనుకి?" అని అడిగాడు.

"సున్నాకి రెండు వందల డెబ్బై మూడు డిగ్రీలు కింద."

"ఇరవై మూడా అండి?"

"రెండు వందల డెబ్బై మూడు. అంతకంటే కిందకి ఇక చలి లేదు. దానికి ఒక డిగ్రీలో పదో వంతు పైన ఉంచుతాం."

ఆయన రొయ్య నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "అక్కడ పెట్టి ఏం చేస్తారండి? ఉత్తినే చల్లగా ఉంటే కొలతెలా వస్తదండి?"

సభలో ఎవరూ అడగని ప్రశ్న అది. పలచటి లోహపు పొరను సరిగ్గా సూపర్ కండక్టరుగా మారే అంచు మీద నిలబెడతామనీ, ఒక్క ఎక్స్ కిరణం వచ్చి తగిలితే ఆ కాస్త వేడికే అది అంచు దాటి జారుతుందనీ, ఎంత జారిందో చూసి కిరణం శక్తి చెబుతామనీ వివరించాను. అర్థం కాదనుకునే చెప్పాను.

"మా ఐసు దిమ్మ లాగేనండి" అన్నాడు. "డబ్బాలోంచి దిమ్మ తియ్యాలంటే డబ్బాని నీళ్ళలో ముంచుతామండి. ముందే తోస్తే కదలదు. ఆలస్యమైతే కరిగిపోద్ది. అంచు కరిగీ కరగనట్టు ఉన్నప్పుడు చూసి వేలితో తోస్తే చాలండి, జారి వచ్చేస్తది. ఆ క్షణం పట్టుకోవడమేనండి పనంటే."

ముప్పై స్లైడ్లతో నేను చెప్పలేనిది పెరుగన్నం కలుపుకుంటూ చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండింది. అవునని ఒప్పుకోక తప్పలేదు.

సాయంత్రం గ్రేస్ వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్నగారు లూథరన్ చర్చి బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. టీ ఇచ్చాక ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది.

"ఊళ్ళో ఆవిణ్ణి సత్యవతి గారని ఎవరూ అనట్లేదు మేడమ్. ఆర్సెనిక్ గారు అంటున్నారు."

"గారు కూడానా?"

"ఆవిడ పెద్దావిడ కదండి, గారు అనకపోతే ఎలా? 'ఆర్సెనిక్ గారి ఇంటి పక్క సందు' అంటారు, 'ఆర్సెనిక్ గారి బియ్యం మాకొద్దండి' అంటారు. మిల్లు గుమాస్తా వీర్రాజు గారు సరదాకి పెట్టిన పేరండి. అందరికీ అలవాటైపోయింది."

నవ్వొచ్చింది. నవ్వాను కూడా. గ్రేస్ నవ్వలేదు.

"ఆవిడ గింజలు మీకు పంపింది నేనే కదండి. ఇన్నాళ్ళూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అటు వెళ్ళలేకపోతున్నాను."

మండపేట

మర్నాడు పొద్దున్నే బస్సులో బయల్దేరాం. రావులపాలెంలో అరటిగెలల లారీలు రోడ్డు కడ్డంగా నిలబడితే ముప్పావుగంట ఆగిపోయాం. ఎవరూ హారను గట్టిగా కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. "కాస్త ముందుకు తీస్తారాండి?" అని ఒకరినొకరు బతిమాలుకుంటూ అలాగే ఇరుక్కుని ఉన్నారు. మా వైపైతే ఒక్క కేకతో అయ్యే పని.

వీర్రాజు పనిచేసే మిల్లు మండపేట అవతల, సత్యవతి గారి ఊరి మొదట్లోనే ఉంది. ఊకదుమ్ము, ట్రాక్టర్లు, బస్తాలెత్తే మనుషుల కేకలు. గుమాస్తా గదిలో ఉన్న ప్రతి వస్తువుకూ బొట్టుంది. కాటాకు, కంప్యూటరుకు, ప్రింటరుకు, గోడ గడియారానికి, ఫ్యాను స్విచ్చుకు. అరవై దాటిన వీర్రాజు నుదుటి మీద అన్నిటికంటే పెద్ద బొట్టు. ఆ ఊరి వార్డు మెంబరు కూడా ఈయనే. బోరింగు హేండిల్ పీకించింది ఈయనే, ఆర్సెనిక్ గారని పేరు పెట్టిందీ ఈయనే. కసి కొద్దీ కడిగేద్దామని వెళ్ళాను. చేతిలో తాపేశ్వరం కాజా పెట్టాడు. పాకం కారే కాజా నోట్లో పెట్టుకుని ఎవరినీ కడగడం కుదరదు.

"ఆ బియ్యం నా దగ్గర్నించే వెళ్ళాయండి" అన్నాడు తనంతట తనే. "మిగతావాళ్ళవి గ్రేస్ గారు ఇళ్ళకెళ్ళి కవర్లలో తెచ్చుకున్నారండి. సత్యవతి గారివి మా మిల్లులో ఆడించారు కదా, ఇక్కడే స్టీలు డబ్బాలో పోసి కట్టానండి. మా ఊరి గింజ అంత దూరం వెళ్ళడం అదే మొదలండి. ఉత్తినే ఎలా పంపుతామండి? శుక్రవారం, దేవుడికి చూపించి, కాసిని అక్షింతలు కలిపి పైన చల్లి మూత పెట్టాను. చల్లగా వెళ్ళి రావాలని."

కాజా పక్కన పెట్టాను.

"అక్షింతలు దేంతో కలిపారు?"

"కుంకంతోనండి. మా ఇంట్లో ఎర్ర అక్షింతలేనండి."

నాకు ఆ డబ్బా గుర్తుంది. మూత తీసిన రోజు గుర్తుంది. పైన కొన్ని ఎర్రగా మరకలు పడ్డ గింజలు కనిపించాయి. "బియ్యం కూడా ఏరి పంపడం చేతకాని మనుషులు" అని నా సహాయకుడితో అన్నాను. అంతే, మొత్తం నూరి పొడి చేసి బిళ్ళ కట్టేశాం. ఇదేంటని గ్రేస్‌కు ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ చిన్న శిఖరం సంగతి అటుంచి, కంటికి కనిపించే ఎర్ర గింజల్ని కూడా నేను చూడలేదు. డిటెక్టరును ఎంత చల్లబరిచినా దానికి మందు లేదు.

ఆ కుంకం చూపించమన్నాను. సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. తిరునాళ్ళలో దొరికే చవక రకం, మరీ ఎర్రగా మెరుస్తోంది. కొంచెం కాగితంలో మడిచి తీసుకుని, ఇలాంటి వాటిల్లో సీసం కలుపుతారనీ, పరీక్షించి కచ్చితంగా చెబుతాననీ, అప్పటిదాకా వాడొద్దనీ చెప్పాను.

వీర్రాజు చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. చెరుపుకోలేదు, అలాగే ఉంచుకోనూ లేదు. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. "అయితే ఆవిడ బియ్యంలో వేసింది నేనా అండి?" అన్నాడు.

"మీరు వేశారు. నేను దానికి తప్పు పేరు పెట్టాను."

 ఆయన సర్పంచికి ఫోను చేసి రెండు ముక్కలు మాట్లాడాడు. బయటికి వెళ్ళి, మిల్లు వెనక గేటుకు అడ్డుగడియగా పెట్టిన ఇనప కడ్డీని పీకి భుజాన వేసుకున్నాడు. అదే బోరింగు హేండిల్. రెండేళ్ళుగా ఆ గేటు దాని మీదే మూసుకుంటోంది.

బోరింగు దగ్గర

సత్యవతి గారికి యాభై ఐదు దాకా ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నారు. రెండు కుర్చీలు వేసి, రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, "మా నీళ్ళు కాదులెండి, కొన్న టిన్ను నీళ్ళే కలిపాను. భయం లేకుండా తాగండి" అన్నారు. కోపంగా అనలేదు. అతిథికి చెప్పాల్సిన సంగతిగా చెప్పారు. ఆ మజ్జిగ తాగడం నాకు చాలా కష్టమైంది.

హేండిల్ భుజాన పెట్టుకుని వీర్రాజు నడిచి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోగయ్యారు. తమలపాకు మరక నివేదిక తీసి చదవడం మొదలుపెట్టాను. విభేదన సామర్థ్యం, వర్ణపట రేఖల అతివ్యాప్తి అని నాలుగు ముక్కలు పడ్డాయో లేదో, సత్యవతి గారు ఆపారు.

"అది మీకోసం రాసుకున్నదండి. మాకు చెప్పండి."

కాగితం మడిచాను. "సత్యవతి గారి బోరింగు నీళ్ళు బాగున్నాయి. ఈవిడ బియ్యంలో ఆర్సెనిక్ లేదు. ఉందని రాసింది నేను. తప్పు రాశాను."

"ఇంకొక్కసారి చెప్పండి. ఆ చివరింటి వాళ్ళకి వినబడలేదు."

గట్టిగా చెప్పాను. మూడోసారి కూడా చెప్పించారు, అప్పుడే సైకిలు మీద వచ్చిన పాలాయన కోసం. 

"మరి తప్పెలా వచ్చిందండి?" అని ఆవిడే అడిగారు.

"గోడకి ఇవతల కూర్చుని అక్కచెల్లెళ్ళిద్దరి మాటలు వింటే ఎవరిదేదో తెలియదు కదండి. పాత మిషనుకి సీసం, ఆర్సెనిక్ అలాగే వినబడతాయి. కొత్తదానికి గొంతు తేడా తెలుస్తుంది."

సత్యవతి గారు నా మొహంలోకి చూశారు. "తెలియకపోతే గోడ దాటి వచ్చి చూడొచ్చు కదండి. రెండేళ్ళండి. పొద్దున్నే బిందెల చప్పుడుకి లేచేదాన్ని నేను. ఈ గుమ్మంలో అందరూ వచ్చి నిలబడి, వాళ్ళ సంగతీ వీళ్ళ సంగతీ చెప్పుకునేవారు. ఆ తర్వాత నా వాకిట్లో మనిషి ఆగలేదండి. చుట్టాలొచ్చినా సందు అవతల నించునే పిలిచేవారు."

 క్షమించమన్నాను. ఆవిడ సరేనని గానీ కాదని గానీ అనలేదు. గ్రేస్ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడితే మాత్రం, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వీర్రాజు బోల్టు బిగించాడు. కొట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండేళ్ళు ఎండిన వాషరు మరి. పైనుంచి ఒక చెంబు నీళ్ళు పోస్తే గానీ పంపు అందుకోదు. టిన్ను నీళ్ళు పొయ్యబోతే సత్యవతి గారు వద్దన్నారు. వీర్రాజు వైపు చూసి, "మీ ఇంటి నుంచి తెండి" అన్నారు. ఆయన వెళ్ళి, నిండు చెంబు తుళ్ళకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. పోసి కొడితే ముందు దగ్గింది, తర్వాత తుప్పు నీళ్ళు కక్కింది, పావుగంట కొట్టాక తేట నీరు వచ్చింది. సత్యవతి గారు గ్లాసు పట్టి నాకిచ్చారు.

"ముందు మీరండి."

తాగాను. గోదావరి జిల్లాల్లో నేను తీసుకున్నవాటిలో తియ్యగా లేనిది అదొక్కటే. కాస్త ఇనుము రుచి. మా ఊరి బావి నీళ్ళు గుర్తొచ్చాయి.

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్న ఒక ముసలావిడ అడిగింది. "బాగానే ఉంది గానీ, ఇంతకాలం నోటికి అలవాటైపోయింది. ఇప్పుడు ఆర్సెనిక్ గారని ఎవర్ని పిలవాలండీ?"

సత్యవతి గారు ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఉన్నారుగా" అన్నారు.

వీధంతా నవ్వింది. గ్రేస్ కూడా ఈసారి నవ్వింది. ఆటో ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో చాలా మర్యాదగా, "జాగ్రత్తగా వెళ్ళి రండి ఆర్సెనిక్ గారండి" అన్నారు.

తిరిగి వచ్చాక

పొట్లంలోని కుంకాన్ని కొత్త డిటెక్టరు ముందు పెట్టాను. సీసం. సందేహం లేదు. వస్తూ వస్తూ సత్యవతి గారింట్లోంచి కవరులో తెచ్చుకున్న గుప్పెడు బియ్యం కూడా పెట్టాను. ఆర్సెనిక్ చోటూ ఖాళీ, సీసం చోటూ ఖాళీ. అదీ రాసి సంతకం పెట్టి పంపాను. ఈసారి టీకి వెళ్ళలేదు. శిఖరాలన్నీ, చిన్నవీ పెద్దవీ, రెండుసార్లు చూశాను. మా డైరెక్టరు ఈ డిటెక్టరు మీద పత్రం రాద్దామని ఉత్సాహంగా ఉన్నాడు. పాత నివేదిక తప్పని కూడా అందులో రాయాలన్నాను. అప్పటినుంచి ఆ ఉత్సాహం కాస్త తగ్గింది.

నెల తర్వాత నా బల్ల మీదకి ఒక పార్సెలు వచ్చింది. లోపల స్టీలు డబ్బా, దాని మూత చుట్టూ గుడ్డకట్టు. మా ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి పరువు దక్కింది, ఎందుకంటే పైన "ఆర్సెనిక్ గారికి" అని పెద్ద అక్షరాలతో రాసుంది. డబ్బా నిండా కొత్త బియ్యం. ఒక్క ఎర్ర గింజ లేదు. మడతపెట్టిన చీటీలో సత్యవతి గారు ఒక్క వాక్యం రాశారు. "బొట్టు పెట్టలేదండి."

నా సహాయకుడు డబ్బా తీసుకుని డిటెక్టరు గది వైపు నడవబోయాడు. వెనక్కి పిలిచి తీసుకున్నాను. ఇంటికి పట్టుకెళ్ళి వండుకున్నాను.